రెండు గంటలకోసారి

పిల్ల వెళ్ళిపోయిందని రిజిస్టరమ్మకి ముందుగా చెప్పింది గోడ మీది కాగితం. పొద్దున ఆరున్నరకి లేచి, కళ్ళు నులుముకుంటూ అత్తగారి గదిలోకి తొంగిచూసేసరికి ఆరు గంటల గడి ఖాళీగా కనబడింది. నాలుగు గంటల గడిలో టిక్కు ఉంది. పక్కన 'ఎ' అని ఉంది, అంటే ఎడమవైపుకి తిప్పినట్టు. ఆరులో ఏమీ లేదు. మేకు నుంచి దారంతో వేలాడే పెన్ను కదలకుండా ఉంది.

"ఏమే పిల్లా, ఆరు దాటి అరగంటైంది. ఏం వెలగబెడుతున్నావక్కడ?" అని వంటింటి వైపు కేకేసింది. వంటింట్లోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

రిజిస్టరమ్మ అనేది అమ్మా నాన్నా పెట్టిన పేరేం కాదు. నాలుగు వందల మంది పనిచేసే కుట్టు ఫ్యాక్టరీలో పదహారేళ్ళుగా హాజరు పట్టీ రాస్తోంది కాబట్టి అక్కడి ఆడవాళ్ళు పెట్టింది. వెక్కిరించడానికే పెట్టారు. ఆవిడకి మాత్రం అది నచ్చింది, ఇంటిదాకా వెంట తెచ్చుకుంది కూడా. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయని ఆస్పత్రిలో నర్సు చెప్పిన సాయంత్రమే, ఫ్యాక్టరీ చిత్తుకాగితాల వెనక స్కేలు పెట్టి గళ్ళు గీసింది. టైము, వైపు, టిక్కు, రిమార్కు. రోజుకి పన్నెండు గడులు, నెలకో కాగితం. ఎడమకి 'ఎ', కుడికి 'కు', వెల్లకిలకి 'వె'. అత్తగారిని చూసుకునే పనికి వేరే దేశం నుంచి వచ్చిన పిల్లకి మన అక్షరాల్లో వచ్చినవి ఆ మూడే.

మంచం పక్కన పిల్ల పడుకునే చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. దాని మీద దుప్పటి, నాలుగు మూలలూ కలిపి పెట్టిన మడత. వరండాలో చెప్పుల్లేవు. వీధి తలుపు గడియ తీసి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి ఉంది.

రిజిస్టరమ్మ వెళ్ళి మొగుణ్ణి లేపింది. "లేవండి, పిల్ల లేదు."

"పాలకి వెళ్ళుంటుందిలే."

"పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. పిల్లే లేదు."

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్ళతో ఏ గొంతుతో మాట్లాడతాడో ఇంట్లోనూ అదే గొంతు. "కంగారు పడకు, చూద్దాం" అని లేచి కూచున్నాడు. ఆవిడేం కంగారు పడలేదు. కాలూ చెయ్యీ ఆడకపోవడమన్నది ఇదేనా అనుకుంది, కానీ కాలూ చెయ్యీ ఆడుతూనే ఉన్నాయి. వెళ్ళి బీరువా తెరిచింది. బట్టల అడుగున పిల్ల పాస్‌పోర్టు భద్రంగా ఉంది.

"పాస్‌పోర్టు వదిలేసి ఎవరైనా పోతారా, విడ్డూరం కాకపోతే?"

"చేతికిస్తే తీసుకుపోయేదేమో" అన్నాడు మొగుడు. అనేసి నాలిక కరుచుకున్నాడు.

అత్తగారు మెలకువగానే ఉంది. ఎడమ పక్కన పడుకుని గుమ్మం వైపే చూస్తోంది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయి రెండేళ్ళవుతోంది. నోరు ఒక పక్కకి లాగేసింది కానీ మాట పోలేదు. నెమ్మదిగా వస్తుంది, వచ్చిందంటే మాత్రం సూటిగా తగుల్తుంది.

"అత్తయ్యా, ఎప్పుడు వెళ్ళిందది? మీకేమైనా చెప్పిందా?"

ముసలావిడ కోడలి మొహంలోకి కాసేపు చూసి, "మంచినీళ్ళు" అంది.

మొగుణ్ణి తల్లి దగ్గర కూచోబెట్టి, పదింటికల్లా రిజిస్టరమ్మ ఏజెంటు దగ్గరుంది. రెండు కుర్చీలు పట్టే గది అది. గోడ నిండా తెల్లటి ఏప్రన్లు కట్టుకుని నవ్వుతున్న అమ్మాయిల ఫోటోలు. ఏజెంటు పొద్దుటే స్నానం చేసి, తల నున్నగా దువ్వుకుని, ఏ తప్పూ తన మీదికి రాని మనిషిలా కూచున్నాడు.

"పారిపోయిందా? ఎన్నో నెల?"

"ఇరవై రెండు."

"గ్యారంటీ ఆరు నెలలే కదమ్మా."

"గ్యారంటీ ఏమిటయ్యా, అదేమన్నా మిక్సీయా?"

"మిక్సీకైతే ఏడాది ఇస్తారు" అన్నాడతను, నవ్వకుండానే.

తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పాడు. తనకిచ్చిన ఫీజు తిరిగి రాదు. లేబర్ ఆఫీసులో కట్టిన జామీను ప్రభుత్వం జమ చేసుకుంటుంది. పిల్ల ఎప్పుడు దొరికితే అప్పుడు దాన్ని ఇంటికి పంపే విమానం టిక్కెట్టు యజమానే కొనాలి. జామీను అంటే రిజిస్టరమ్మ ఎనిమిది నెలల జీతం. అది ఆవిడ సొంత డబ్బు కూడా కాదు. ఫ్యాక్టరీ సొసైటీలో అప్పు తీసి కట్టింది, ఇంకా ఆరు వాయిదాలు జీతంలో కోత పడాలి.

"అదేం న్యాయం? పారిపోయింది అది. ఖర్చు నాకా? తెచ్చినవాడివి నువ్వు. నువ్వు మాత్రం కడుపులో చల్ల కదలకుండా కూచుంటావు."

"న్యాయం నా చేతిలో ఉందా అమ్మా? రూలు నేను రాశానా?"

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది ఆవిడకి. విన్నది కాదు, తనే అన్నది. అరపూట జీతం కోసిందని కాజాలు కుట్టే మనిషి వచ్చి ఏడిస్తే, రోజూ తను అనేదే. రూలు నేను రాయలేదమ్మా, గీతలు గీసేది మాత్రమే నేను.

"ఒక దారుంది. తప్పు యజమానిది కాదని తేలితే జామీను వెనక్కిస్తారు. టిక్కెట్టూ తప్పుతుంది. గురువారం విచారణ. ఒక ఫారం ఇస్తారు. జీతం సరిగ్గా ఇచ్చారా, తిండి పెట్టారా, కొట్టారా తిట్టారా, విశ్రాంతి ఇచ్చారా, అంతే. ఏమైనా రికార్డులున్నాయా మీ దగ్గర?"

పొద్దుటి నుంచి మొదటిసారి రిజిస్టరమ్మ మొహం విప్పారింది. "రికార్డులా? నన్నా అడుగుతున్నావు? రోజువారీ రాసినవి ఉన్నాయి. ఇరవై రెండు నెలలవీ, ఒక్క కాగితం పోకుండా."

"ఇంకేం మరి, గెలిచేసినట్టే!" అన్నాడు ఏజెంటు, బల్ల మీద చరిచి. "పట్టుకెళ్ళి మొహాన కొట్టండి."

*

నాలుగు రోజులు సెలవు పెట్టింది. తన గడిలో తనే 'సెలవు' అని రాసుకుని, రిజిస్టరు పక్క సీటు అతనికి అప్పజెప్పి వచ్చింది. మొగుడు సాయంత్రం ఆరు తర్వాత చేతికి దొరుకుతాడు, అప్పటిదాకా అత్తగారూ తనూ గడియారమూ.

తిప్పడం అంటే ఆవిడ ఇన్నాళ్ళూ గడిలో ఒక టిక్కు అనుకుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి అది పని అయింది. కుడి మోకాలు మడవాలి. పడిపోయిన చేతిని గుండెల మీదుగా ఇవతలికి తెచ్చి పెట్టాలి. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి, మనిషిని తన వైపుకి దొర్లించాలి. దొర్లించి పట్టుకుని, ఇంకో చెయ్యి లేకపోయినా ఇంకో చేత్తో వీపు వెనక దిండు దూర్చాలి. మోకాళ్ళ మధ్య చిన్న దిండు. మడమ పరుపుకి ఆనకూడదు. చెవి మడతపడకూడదు. తుంటి ఎముక మీద ఎర్రగా ఉంటే వేలితో నొక్కి చూడాలి, తెల్లబడి మళ్ళీ ఎరుపు తిరిగితే పరవాలేదు, తిరక్కపోతే భయం. అప్పుడు పౌడరు. అప్పుడు దుప్పట్లో ముడతలు లాగడం. ఇంతా చేసి గడియారం చూస్తే పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ముసలావిడ సగం దొర్లి, సగం దొర్లక, కోడలి మెడకింద ఇరుక్కుని ఉంది.

"చెవులు పట్టుకో" అంది.

"ఎవరి చెవులు అత్తయ్యా?"

"నావి కాదు లేవే. దుప్పటివి."

ముసలావిడ నడుము కింద పరిచిన మందపాటి దుప్పటికి రెండు పక్కలా రెండేసి గుడ్డ పట్టీలు ఉన్నాయి. ఉతికి ఆరేసినప్పుడల్లా రిజిస్టరమ్మ వాటిని చూస్తూనే ఉంది. పాత దుప్పటి చిరిగితే పిల్ల ఏదో అతుకు వేసుకుందిలే అనుకుంది. ఫ్యాక్టరీ నుంచి మసిగుడ్డల కోసం తను తెచ్చి పడేసే తుక్కు పట్టీలే అవి. ఒక్కోటి నాలుగు వరసలు కుట్టి ఉంది. రిజిస్టరమ్మ అటుపక్క పట్టీలు పట్టుకుని లాగింది. మనిషి గింజుకోకుండా, మూలగకుండా, ఒక్క ఊపున ఇటు తిరిగింది.

"అమ్మయ్య" అంది అత్తగారు.

కుట్టు చూస్తే రిజిస్టరమ్మకి తెలుస్తుంది. పదహారేళ్ళు ఆ చప్పుళ్ళ మధ్యే బతికింది. మా ఫ్యాక్టరీలో చేరుంటే నెలలో లైను లీడర్ అయ్యేది అనుకుంది. అనుకుని, పాలల్లో రొట్టె నానబెట్టడానికి వెళ్ళింది.

సాయంత్రం ఆడపడుచు దిగింది, చేతిలో అరడజను అరటిపళ్ళతో. గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "అయ్యో వదినా, ఎంత పని చేసింది! ఉప్పూ పప్పూ పెట్టి సాకితే ఇలాగా! నేను ముందే అన్నాను, మరీ మెత్తగా ఉండకండీ అని." తల్లి మంచం దగ్గరికి వచ్చి, నుదురు మీద చెయ్యి వేసి, ముక్కు కాస్త చిట్లించి, దూరంగా ఉన్న కుర్చీలో కూచుంది. రిజిస్టరమ్మ నాలుగు గంటల టిక్కు ఆలస్యంగా పెడుతోంది. తన టిక్కు లావుగా, వంకరగా పడింది. పైన వరసలన్నీ పిల్లవి, సన్నగా, ఒకే కొలతలో.

"ఒకటి చెప్తాను విను. గొలుసు పోయిందని రాయించు" అంది ఆడపడుచు గొంతు తగ్గించి. "మా పక్కింటావిడ అలాగే రాయించింది. దొంగతనం అంటే కేసు దాని మీదికి పోతుంది. నీ జామీను నీకొస్తుంది."

"గొలుసు ఉంటేగా పోవడానికి? పిల్ల ఫీజు కట్టడానికే అమ్మేశాం దాన్ని."

"ఉందని వాళ్ళకేం తెలుసు, లేదని వాళ్ళకేం తెలుసు?"

"నా దగ్గర రికార్డులున్నాయిలే. అబద్ధాలతో పనేముంది?"

ఆడపడుచు పెదవి విరిచింది. వెళ్ళేముందు, "గాలి పరుపు ఒకటి కొంటే ఇన్నిసార్లు తిప్పక్కర్లేదట కదా, మా ఆయన ఎక్కడో విన్నార్ట" అంది. ఆ మాట రెండేళ్ళ కిందట నర్సు కూడా చెప్పింది. గాలి పరుపు ఖరీదు అన్నా చెల్లెలూ చెరిసగం పెట్టుకుందామని అప్పట్లో అనుకున్నారు. ఇంతలో పిల్ల వచ్చేసింది. మనిషుండగా పరుపెందుకు అని ఆడపడుచే అంది. రిజిస్టరమ్మ కాదనలేదు. అందుకని ఇప్పుడు అరటిపండు ఒకటి ఒలిచి, మెత్తగా నలిపి, అత్తగారి నోటికి అందించింది.

మొగుడు రాత్రి పన్నెండుది తను చూస్తానన్నాడు. మంచి మనిషే, చూడాలనే అనుకున్నాడు. అలారం ఆయన చెవి పక్కనే మోగినా కదల్లేదు. రిజిస్టరమ్మే లేచింది. రెండింటికీ లేచింది, నాలుగింటికీ లేచింది. చిత్రం ఏమిటంటే అలారం మోగడం కన్నా, మోగుతుందేమో అని కాచుకుని పడుకోవడమే ఎక్కువగా తినేసింది. కన్ను అంటుకునేసరికి మళ్ళీ లేవాలి. బుధవారం తెల్లారేసరికి ఆవిడ తల ఎవరిదో అయింది. పళ్ళు తోముకుంటూ పేస్టు ఉమ్మెయ్యడం మర్చిపోయి మింగేసింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. టీ వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా తెలియలేదు.

చాప విప్పి ఎండలో వేద్దామని తీస్తే లోపలి నుంచి తువాలు చుట్ట ఒకటి దొర్లిపడింది. విప్పితే బల్లమీది అలారం గడియారం. ఇది కనపడకే నిన్న ఫోనులో అలారం పెట్టుకోవాల్సి వచ్చింది. మూడు మడతల తువాల్లో చుట్టి దాన్ని తల కింద పెట్టుకునేది కాబోలు పిల్ల. ఇరవై రెండు నెలల్లో ఆ మోత పక్క గదిలోకి ఒక్కసారి కూడా వినపడలేదు. ఎంత బుద్ధిమంతురాలు, ఒక్క అలికిడి చెయ్యదు అని రిజిస్టరమ్మ ఫ్యాక్టరీలో నలుగురి దగ్గరా మెచ్చుకునేది.

*

బుధవారం మధ్యాహ్నం ఫైలు సర్దడానికి కూచుంది. గోడ మీదున్న ఈ నెలది కాక ఇరవై ఒక్క కాగితాలు, నెలల వరసలో. పంచింగు మిషనుతో కన్నాలు పొడిచి, ట్యాగు దూర్చి, పైన అట్ట వేసి, 'సంరక్షణ హాజరు పట్టీ' అని గుండ్రంగా రాసింది. ఆ పని చేస్తున్నంతసేపూ ప్రాణం కాస్త కుదుటపడింది. ఇది తనకి తెలిసిన పని.

విచారణలో ఏది ముందు చూపించాలో గుర్తుపెట్టుకుందామని, ఏజెంటు రాసిచ్చిన ప్రశ్నల చీటీ పక్కన పెట్టుకుంది. జీతం, సంతకాలున్నాయి. తిండి, అందరూ తిన్నదే. దెబ్బలు, దేవుడి దయవల్ల ఎవరూ చెయ్యెత్తింది లేదు. రోజులో వరసగా దొరికే విశ్రాంతి గంటలు, ఎనిమిదికి తగ్గరాదు. ఇది కాగితాల్లోంచే చూపించవచ్చు కదా అనుకుని మొదటి నెల తీసింది.

ఫ్యాక్టరీలో ఆవిడ వేలు పట్టీ మీద నడిచే తీరు ఒకటుంది. చూపుడువేలు గడి గడికీ తగిలించుకుంటూ, కింది పెదవి కొంచెం కదుపుతూ పోతుంది. ఖాళీ గడి ఎక్కడున్నా ఆ వేలు ఠక్కున ఆగుతుంది. ఇప్పుడు వెతుకుతున్నది ఖాళీనే. వరసగా మూడు గడులు ఖాళీ ఉంటే టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎనిమిది గంటలు. వేలు పదికి తగిలింది, పన్నెండుకి తగిలింది, రెండు, నాలుగు, ఆరు. మర్నాడు మళ్ళీ పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. మొదటి నెల అయిపోయింది. రెండో నెల అయిపోయింది. వేలు ఆగడానికి చోటు దొరకలేదు. మధ్యలో లేచి అత్తగారిని కుడికి తిప్పి వచ్చి, మళ్ళీ కూచుంది.

పదమూడో నెలలో ఆగింది. ఒక రాత్రి రెండు గంటల గడి ఖాళీ. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. రిమార్కు గడిలో ఎర్ర సిరాతోనే ఒక మాట. దస్తూరి తనదే.

నిద్ర.

ఇరవై రెండు కాగితాల్లో రిమార్కు గడి నిండింది ఆ ఒక్కచోటే. రిజిస్టరమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. తను మాత్ర ఇచ్చింది, వేడివేడిగా టీ ఇచ్చింది. ఇచ్చి, మర్నాడు రెండింటి గడి చూసి ఎర్ర పెన్ను తీసింది. తిట్టలేదు, కొట్టలేదు. రాసిందంతే. రాసి, "ఇంకెప్పుడూ ఇలా కాకూడదు, తెలిసిందా?" అంది. పిల్ల తలూపింది. ఇంకెప్పుడూ కాలేదు.

నిన్న రాత్రి రెండింటికి లేచానని ఆవిడ టిక్కు పెట్టుకుంది కదా. నాలుగింటికీ పెట్టుకుంది. ఇవాళ పొద్దున ఎనిమిదింటిది మాత్రం కుర్చీలోనే తల వాల్చేసి తప్పించేసింది. ఆ గడి ఖాళీగానే ఉంది. ఎర్ర పెన్ను బల్ల మీదే ఉంది.

ఏజెంటుకి ఫోను చేసింది. "విశ్రాంతి గంటలకి నా కాగితాలు పనికొచ్చేలా లేవు."

"ఏం కాగితాలమ్మా అవి?"

చెప్పింది. "అమ్మా తల్లీ, ఆ ఫైలు బయటికి తియ్యకండి. అటక మీద పారేయండి. ఫారంలో ఎనిమిది అని ఒక్క అంకె రాయండి, చాలు. అందరూ అదే రాస్తారు. అడిగే నాథుడు లేడు."

"సరే" అంది. ఒక్క అంకె. దానికి ఎనిమిది నెలల జీతం. సొసైటీ వాయిదాలు, గాలి పరుపు, రేపు రావలసిన ఇంకో పిల్ల, అన్నీ ఆ అంకె మీదే ఉన్నాయి. ఫైలు బల్ల మీదే వదిలేసింది.

గురువారం పొద్దున మొగుడు సెలవు పెట్టి తల్లి దగ్గర కూచున్నాడు. రిజిస్టరమ్మ తల దువ్వుకుని, పాస్‌పోర్టు సంచిలో వేసుకుంది. ఈ నెల కాగితం గోడ నుంచి తీసి ఫైల్లో చేర్చింది. ఏ నెలకి ఆ నెల పట్టీ తీసి ఫైల్లో పెట్టడం పదహారేళ్ళ అలవాటు. ఫైలు కూడా సంచిలో వేసుకుంది. అదెందుకని మొగుడు అడిగితే ఏం చెప్పేదో, ఆయన అడగలేదు.

*

లేబర్ ఆఫీసులో ఆఫీసరు ఆడమనిషే. బల్ల మీద రెండు ఫోన్లు, సగం తాగిన టీ, చుట్టూ ఫైళ్ళు. రిజిస్టరమ్మకి ఆవిడ మీద జాలి కలిగింది, ఆ ఫైళ్ళకి ఒక వరసా వావీ లేదు. ఏజెంటు పక్క కుర్చీలో చేతులు కట్టుకుని వినయంగా కూచున్నాడు.

"పాస్‌పోర్టు మీ దగ్గరే ఉందా?" అని చెయ్యి చాచింది ఆఫీసరమ్మ. తీసుకుని, ఏదో రాసుకుంది. "మీ దగ్గర ఉండకూడదు, తెలుసు కదా?"

"భద్రంగా ఉంటుందని..."

"అందరూ అదే అంటారు." ఫారం ఇవతలికి తోసింది. "నింపండి. స్టాంపు ఎక్కడ పెట్టానో..."

జీతం గడి నింపింది రిజిస్టరమ్మ. తిండి గడి నింపింది. వారపు సెలవు అన్న చోట పెన్ను కొంచెం ఆగింది. ఫ్యాక్టరీలో ఎవరికైనా వారపు సెలవు ఎగ్గొడితే మేనేజరుతో నోరు చేసుకునేది తనే. పిల్లకి సెలవిస్తే ఎక్కడికి పోతుంది, ఎవరున్నారు దానికిక్కడ అని ఇంట్లో అనుకున్నారు. ఆ గడి ప్రస్తుతానికి వదిలేసి ముందుకెళ్ళింది.

"ఒక మాట అడుగుతానండీ" అంది తలెత్తకుండానే. "తెచ్చినాయన ఫీజు తెచ్చినాయన దగ్గరే ఉంటుంది. ప్రభుత్వం డబ్బు ప్రభుత్వం తీసుకుంటుంది. టిక్కెట్టు నేను కొనాలి. మాదేం మేడలు కట్టిన ఇల్లు కాదు, మంచం మీద మనిషి ఉండి తెచ్చుకున్నాం. అన్నీ మా నెత్తినే ఎందుకు పడాలి?"

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. ఆఫీసరమ్మ సొరుగు వెతకడం ఆపి ఆవిడ వైపు చూసింది. "మీరు అడిగింది నిజమే. అతని దగ్గర సగమైనా కక్కించాలి. కానీ రూలు అలా లేదు, అది రాసింది నేను కాదు." మళ్ళీ సొరుగులోకి వంగింది. "మీ పిల్ల మా హాస్టల్లోనే ఉంది. మంగళవారం పొద్దున తనే నడిచి వచ్చింది. కంప్లైంటు ఏమీ ఇవ్వలేదు. కొట్టారా అంటే లేదంది. తిండి పెట్టలేదా అంటే పెట్టారంది. మరెందుకొచ్చావమ్మా అంటే జవాబు చెప్పకుండానే బెంచీ మీద పడుకుంది. నిన్న మధ్యాహ్నం దాకా లేవలేదు. జబ్బేమోనని డాక్టర్ని పిలిపించాం. జబ్బేం లేదు, నిద్రపోతోంది అన్నాడాయన. ఆఁ, దొరికింది!" అంటూ స్టాంపు పైకి తీసింది.

రిజిస్టరమ్మ పెన్ను ఆ గడి దగ్గరే ఉంది. రోజులో వరసగా దొరికే విశ్రాంతి గంటలు. ఏజెంటు బల్ల కింద ఎనిమిది వేళ్ళు చాపి చూపించాడు, ఆవిడకి అంకెలు రానట్టు. రిజిస్టరమ్మ గడిలో రాసింది. వదిలేసిన వారపు సెలవు గడికి కూడా వెళ్ళి 'లేదు' అని రాసి, ఫారం తిప్పి అటు తోసింది.

ఆఫీసరమ్మ చదివింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది. "ఎనిమిది రాయబోయి పొరపాటున రాశారా? ఒకటీ ముప్పావు అని ఉంది."

"పొరపాటు కాదండీ. తిప్పేది రెండు గంటలకోసారి. కానీ తిప్పి, దిండు పెట్టి, పౌడరు రాసి, టిక్కు పెట్టేసరికి పావుగంట పడుతుంది. నాకైతే ఇంకా ఎక్కువే పట్టింది. దానికి పావుగంటే వేశాను."

"అమ్మా!" అన్నాడు ఏజెంటు. ఆ గొంతులో వినయం ఎటుపోయిందో పోయింది.

రిజిస్టరమ్మ సంచిలోంచి ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. "రోజువారీ వివరాలు ఇందులో ఉన్నాయి. పదమూడో నెలలో ఒక్కచోట తేడా ఉంటుంది. ఎర్ర సిరాతో ఉంది, మీకే కనబడుతుంది."

ఆఫీసరమ్మ ఒక్కో కాగితం తిప్పింది. పదమూడో దాని దగ్గర కాసేపు ఆగింది. తలెత్తి, "దీంతో జామీను పోతుందని తెలుసా మీకు? టిక్కెట్టు కూడా మీదే అవుతుంది" అంది.

"తెలుసండి."

"ఫైలు ఇక్కడ ఉంచాల్సి ఉంటుంది."

"ఉంచుకోండి. రసీదు ఇప్పించండి" అంది రిజిస్టరమ్మ. రసీదు తీసుకుని, మడిచి పర్సులో పెట్టుకుంది.

బయట మెట్ల మీద ఏజెంటు వెనకాలే వచ్చాడు. "మీలాంటివాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు. ఇంకొకర్ని పంపమంటారా వద్దా మరి?" ఆవిడ బస్సు వస్తోందేమో అని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. కొంచెంసేపు నిలబడి అతనే వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ఒకటిన్నర దాటింది. మొగుడు కుర్చీలో నోరు తెరిచి గుర్రుపెడుతున్నాడు. ఆవిడ చప్పుడుకి ఉలిక్కిపడి లేచి, "పన్నెండుకి తిప్పానోయ్, నిజంగా" అన్నాడు. తర్వాత, "ఎంత పోయింది?" అని అడిగాడు.

"మొత్తం."

ఆయన అదే గొంతుతో, "సరేలే, చూద్దాం" అన్నాడు. అని, అన్నం వడ్డించుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

తువాలు చుట్టని గడియారం రెండింటికి గట్టిగా మోగింది. రిజిస్టరమ్మ పట్టీలు పట్టుకుని అత్తగారిని ఎడమకి తిప్పింది, గుమ్మం వైపుకి. మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. మడమ చూసింది. తుంటి మీద ఎరుపుంటే నొక్కి చూసింది, తెల్లబడి మళ్ళీ రంగు తిరిగింది. లేచి, అలవాటుగా గోడ మీది పెన్ను అందుకుంది. గోడ మీద కాగితం లేదు. పెన్ను చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడి, వదిలేసింది. అది దారానికి వేలాడుతూ గోడకి రెండుసార్లు తగిలింది.

"పిల్ల దొరికిందత్తయ్యా. హాస్టల్లో ఉందట. వెళ్ళిన దగ్గర్నుంచి నిద్రపోతూనే ఉందట."

ముసలావిడ మొహంలో పనిచేసే పక్క కొంచెం కదిలింది.

రిజిస్టరమ్మ మంచం అంచున కూచుంది. "నాలుగింటికి మిమ్మల్ని ఇలాగే, ఇటు తిప్పి వెళ్ళింది. మీరు చూస్తూనే ఉన్నారు కదా. గడప దాటేదాకా చూస్తూనే ఉండి ఉంటారు. ఒక్క కేక వెయ్యలేకపోయారా?"

అత్తగారికి మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కేకేస్తే నువ్వు లేస్తావు కదే" అంది. "ఆ కాగితం పుణ్యాన రెండేళ్ళుగా దానికీ నిద్రలేదు, నాకూ లేదు. ఈ ఇంట్లో కంటినిండా నిద్రపోయింది మీ ఇద్దరే. చెడగొట్టడం ఎందుకులే అనుకున్నా."

రిజిస్టరమ్మ లేచింది. అత్తగారి నడుము కింద ముడత ఉందేమోనని చేత్తో తడిమి చూసింది. తర్వాత గడియారం తీసుకుని నాలుగింటికి పెట్టింది.